మూడో క్రేన్

విజయవాడ ఆటోనగర్‌లో ఎవరైనా క్రేన్ కొనాలనుకుంటే ముందు వీరభద్రయ్యను వెంటబెట్టుకుని వెళ్ళడం ఆనవాయితీ. పెళ్ళిచూపులకు మేనమామను తీసుకెళ్ళినట్టు, కారులో ముందు సీట్లో కూర్చోబెట్టి మరీ తీసుకెళతారు. ఆయనా ఆ మర్యాదకు తగ్గట్టే నడుచుకుంటాడు. నోరు మెదపకుండా బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తాడు. హుక్కు దింపించి ఇనుప తాడును అరచేత్తో నిమురుతాడు. చూడటం పూర్తయ్యేదాకా అమ్మేవాడి టీ ముట్టడు. టీ కడుపులో పడితే నాలుక అటువైపు తిరుగుతుందని ఆయన సిద్ధాంతం. చివరికి "తీసుకోండి" అంటే తీసుకోవడమే, "వద్దులెండి" అంటే ఎంత చవగ్గా వచ్చినా వెనక్కి తిరగడమే.

ఇంత పేరున్న మనిషి ఆ పేరు వినబడినప్పుడల్లా లోలోపల కుంచించుకుపోతాడంటే ఆటోనగర్‌లో ఎవరూ నమ్మరు. పదకొండేళ్ళుగా అదే వరస. మోకాళ్ళ నొప్పులని చెప్పి ఆపరేటర్ సీటు దిగిపోయాడు గానీ, ఆ మోకాళ్ళతోనే దసరాకి ఇంద్రకీలాద్రి మెట్లన్నీ ఎక్కి దిగుతాడు. భార్య నాగమల్లేశ్వరికి అనుమానం రాకపోలేదు. అడిగినప్పుడల్లా విసుక్కునేసరికి ఆవిడ అడగడం మానేసింది.

వీరభద్రయ్య పుట్టింది పెడనలో, నేతగాళ్ళ ఇంట్లో. గుంటమగ్గం మీద కూర్చుని తండ్రి నేర్పిన మొదటి పాఠం ఒకటే. "పోగు తెగే ముందు వేలికి చెబుతుందిరా, వినడం నేర్చుకో." నేర్చుకున్నాడు. నేర్చుకున్న మనిషికి అన్నం పెట్టే శక్తి మగ్గానికి లేకపోయేసరికి, ఇరవయ్యో ఏట బెజవాడ బస్సెక్కి లారీ క్లీనరుగా చేరి, అక్కణ్ణుంచి హైడ్రా మీదికి ఎక్కాడు. ముక్కులా ముందుకు చాచిన బూముతో బరువెత్తి, ఆ బరువుతోనే కదిలి వెళ్ళే పొట్టి క్రేన్‌ను ఇక్కడ అందరూ హైడ్రా అనే అంటారు. మగ్గం మీద తిరిగిన చెయ్యి లివర్ల మీదా పనికొచ్చింది. పెద్ద జనరేటర్‌ను కూడా పసిపిల్లను ఉయ్యాల్లో వేసినంత మెల్లగా దింపేవాడు. చూసినవాళ్ళు పొగిడారు. పొగడ్త తలకెక్కింది.

బూము ఎంత చాపితే ఎంత బరువెత్తవచ్చో చెప్పే పట్టిక ప్రతి క్యాబిన్‌లోనూ అంటించి ఉంటుంది. బరువు మీరితే బజరు అరుస్తుంది. వీరభద్రయ్య పట్టికను చూసేవాడు కాదు, బజరును భరించేవాడు కాదు. "నా చెయ్యుండగా ఈ పిల్లికూతలెందుకు?" అని దాని తీగ కత్తిరించేశాడు. అలా కత్తిరించే ఆపరేటర్లు ఇంకా ఉన్నారు, కాకపోతే వాళ్ళు తీగ కొసలకు టేపు చుడతారు. ఈయన జేబులోంచి నూలుదారం తీసి, కొసలు రెండూ వెనక్కి మడిచి కట్టి, తెగిన పోగును అతికేటప్పుడు ఇంట్లో తండ్రి వేసే ముడి వేశాడు. గోరులో సగం కూడా ఉండదు ఆ ముడి. లాగితే బిగుస్తుంది తప్ప ఊడదు. అదొక గర్వం ఆయనకు.

మొన్నామధ్య ఒక మంగళవారం పొద్దున సూర్యప్రకాష్ అనే ముప్పయ్యేళ్ళ మనిషి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఊరు బందరు దగ్గర గిలకలదిండి. తాతముత్తాతల నుంచి సముద్రం మీద వేట, ఇప్పుడు ఇతను హార్బర్లో చేపల వ్యాపారం చేస్తూ చిన్న ఐసు ఫ్యాక్టరీ పెట్టాడు. అక్కడ ఫైబర్ బోటును మరమ్మతుకు గట్టెక్కించాలంటే పాతికమంది తాళ్ళు పట్టుకుని లాగాలి. ఆ లాగుడులోనే వాళ్ళ నాన్న సూరయ్య నడుము పోయింది. క్రేన్ ఒకటి కొని హార్బర్లో పెడితే పది కుటుంబాల నడుములు మిగులుతాయని అతని ఆలోచన.

"నా సంగతి నీకెవరు చెప్పారయ్యా?" అని అడిగాడు వీరభద్రయ్య.

"మా ఐసు ఫ్యాక్టరీ వాచ్‌మన్ జాన్ పాల్ అన్నండీ. మీ దగ్గర కలాసీగా చేశాడంట కదా. భద్రయ్యన్నకి చూపించకుండా క్రేన్ కొనొద్దు, ఆ చెయ్యి లాంటి చెయ్యి జిల్లా మొత్తంలో లేదు అన్నాడు బాబాయ్."

వీరభద్రయ్యకు తల కొట్టేసినట్టయింది. కాఫీ తెచ్చిన నాగమల్లేశ్వరి మాత్రం ఆనందంగా, "అయ్యో, జాన్ పాలా! ఎలా ఉన్నాడు బాబూ? కాలు నయమైందా?" అంది.

"కుంటుతానే ఉంటాడండీ. కాలు సంగతి ఎత్తితే తప్పు నాదే అంటాడు. కుడిచెయ్యి మీద ఎంత కోపమో, బస్సాపాలన్నా ఎడంచెయ్యే ఎత్తుతాడు. హార్బర్లో అందరం ఆటపట్టిస్తాం" అని నవ్వాడు సూర్యప్రకాష్. ఆవిడా నవ్వింది. వీరభద్రయ్య కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆ కోపం జాన్ పాల్‌కు తెప్పించింది ఈయనే. పదకొండేళ్ళ కిందట ఉయ్యూరు అవతల ఒక గోడౌన్‌కు ఇనుప దూలాలు ఎక్కిస్తున్నారు. క్రేన్ ముందు నిలబడి ఆపరేటర్‌కు చేత్తో సైగ చేసేవాడే కలాసీ. ఆ రోజు కలాసీ జాన్ పాల్. పిడికిలి పట్టి బొటనవేలు బయటికి చూపితే బూము చాపమని అర్థం, వేలు లోపలికి మడిచి ఒట్టి పిడికిలి చూపితే ఆపమని అర్థం. జాన్ పాల్ ఒట్టి పిడికిలి చూపించాడు. వీరభద్రయ్య చూశాడు కూడా. ఇంకో రెండడుగులు చాపినా ఏమీ కాదని ఆయన చెయ్యి చెప్పింది. చెయ్యి మాట విన్నాడు. జాన్ పాల్ పిడికిలిని ఇంకా పైకెత్తి రెండోసారి చూపించేసరికి వెనక చక్రాలు నేల వదిలాయి. బజరు మోగలేదు, మోగడానికి దానికి తీగ లేదు. బండి పక్కకు ఒరిగింది. బూము స్తంభానికి గుద్దుకుని వంగింది. దూలం జారి జాన్ పాల్ మోకాలి మీద పడింది.

బండి ఓనరు వెంకటప్పయ్య పరుగెత్తుకొచ్చి, "ఎవడిదిరా తప్పు?" అని అరిచాడు. వీరభద్రయ్య నోట్లోంచి, "చాపమని చూపించాడండీ" అనే మాట వచ్చేసింది. కిందపడ్డా మీసాలకు మన్నంటలేదనే మనుషులుంటారు, ఆ రోజు ఆయన వాళ్ళలో ఒకడయ్యాడు. సరే, అది భయంలో వచ్చిన మాట అనుకుందాం. కానీ మూడోరోజు ఆసుపత్రిలో, మంచం మీద పడుకున్న జాన్ పాల్ ఆయన చెయ్యి పట్టుకుని, "అన్నా, నేను పిడికిలే బిగించాననుకున్నా. వేలు బయటికొచ్చిందా?" అని అడిగాడు. కళ్ళల్లో నింద లేదు. తెలుసుకోవాలని అడుగుతున్నాడు. పక్కన ఎవరూ లేరు. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఎవరికీ దొరకదు.

"వచ్చింది జాన్" అన్నాడు వీరభద్రయ్య.

పదకొండేళ్ళుగా ఆయన సిగ్గుపడేది పడిపోయిన బండి గురించి కాదు, ఆ రెండు మాటల గురించి. ఇప్పుడు సూర్యప్రకాష్‌తో రానని చెప్పాలనుకున్నాడు. చెబితే ఎందుకు రావని అడుగుతాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు అవుతుంది. లేచి చొక్కా వేసుకున్నాడు.

మొదటి బండి ఆటోనగర్‌లోనే చూశారు. లారీ మీద బిగించిన క్రేన్. నాలుగు వైపులా ఇనుపకాళ్ళు నేలకు ఆనించి నిలబడుతుంది. "దీనికి తొందర ఉండదు ప్రకాషూ" అన్నాడు వీరభద్రయ్య. "కాళ్ళు దించుకుని కూర్చుందంటే గట్టుమీంచి దూరంగా చెయ్యి చాపగలదు. కానీ ఎత్తిన బోటుతో అడుగు కదల్లేదు. నువ్వు దాన్ని చక్రాలబండి మీద పెట్టుకుని షెడ్డుదాకా తోసుకోవాలి." ప్రకాష్ ఫోన్‌లో రాసుకున్నాడు. ధర విని కొంచెం మొహం ముడిచాడు.

రెండోది గన్నవరం దగ్గర హైవే పక్క షోరూములో కొత్త హైడ్రా. పద్నాలుగు టన్నులని బూము మీద పెద్దపెద్ద అక్షరాలు. వీరభద్రయ్య ప్రకాష్‌ను క్యాబిన్‌లోకి ఎక్కించి పట్టిక ముందు కూర్చోబెట్టాడు.

"పద్నాలుగు అనేది బూము ముడుచుకుని, బరువు బండి ముక్కు దగ్గరే ఉన్నప్పటి మాట. నీ బోటు నీళ్ళల్లో ఉంటది, బండి గట్టు మీద ఉంటది. చాపక తప్పదు. చాపేకొద్దీ అంకెలు ఎట్టా దిగిపోతున్నాయో చూడు. ఈ చివరికొచ్చేసరికి రెండు."

"మా బోటు టన్నున్నరే కదా బాబాయ్."

"తడిసిన వలలు, ఇంజను, అడుగున నిలిచిన నీళ్ళు, ఇవన్నీ ఎవడు తూచాడు? పైగా మీది మెత్తటి నేల. చక్రం అంగుళం దిగినా లెక్క మారిపోతది."

"అయితే నమ్మాల్సింది ఈ పట్టికనన్నమాట. చేతిని కాదన్నమాట" అన్నాడు ప్రకాష్, కొత్త పాఠం నేర్చుకున్న సంతోషంతో.

వీరభద్రయ్యకు చురుక్కుమంది. "చేతిని కాదు" అని కిందికి దిగాడు.

మూడోది హనుమాన్ జంక్షన్‌లో, దుర్గాప్రసాద్ అనే బ్రోకరు యార్డులో ఉంది. పాత హైడ్రా. పసుపు రంగు కొత్తగా వేసి, ముందు నిమ్మకాయల దండ కట్టి, చక్రాలకు నల్లరంగు పూసి నిలబెట్టారు. కొత్తదాని ధరలో సగం. "ఒకే ఓనరు చేతిలో నడిచిందండీ, గీత కూడా పడలేదు" అన్నాడు దుర్గాప్రసాద్. ప్రకాష్ కళ్ళు అప్పుడే మెరిశాయి. పైన పటారం లోన లొటారం అని మనసులో అనుకుని వీరభద్రయ్య అలవాటుగా క్యాబిన్‌లోకి ఎక్కాడు. బజరు పనిచేస్తుందో లేదో చూద్దామని డ్యాష్‌బోర్డు కింద రేకు తీసి లోపలికి చెయ్యి పోనిచ్చాడు.

కళ్ళకన్నా ముందు వేలికి తెలిసింది. గోరులో సగం లేని ముడి.

ఫోన్ లైటు వేసి చూశాడు. తెల్లదారం మసిపట్టి నల్లబడింది. కత్తిరించిన తీగ కొసలు రెండూ ఆయన మడిచినట్టే మడిచి ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఎంతమంది ఈ సీట్లో కూర్చున్నారో, ఒక్కడూ దాన్ని విప్పలేదు. పెడన ముడి ఊడదు మరి. తుక్కు కింద అమ్మేశానని వెంకటప్పయ్య చెప్పిన బండి ఇది. కిందికి దిగి బూము అడుగున అరచెయ్యి పెట్టి నడిచాడు. రంగు కింద ఒకచోట ఇనుము వాచినట్టు తగిలింది. వంగినచోట వేడిచేసి సాగదీసి అతికారు.

"దీనికి వెల్డింగుంది" అన్నాడు.

"పాత బండికి వెల్డింగు లేకపోతే ఎట్టాగండీ, చిన్న గీతకి వేయించాం" అన్నాడు దుర్గాప్రసాద్.

ఇందాక గీత కూడా పడలేదన్నావు కదయ్యా అని అడగాల్సింది. అడగలేదు, అబద్ధాలాడేవాణ్ణి నిలదీసే మొహం ఆయనకు ఆ క్షణంలో లేదు. ఇంజను పొగ అన్నాడు. బాగుచేయించి ఇస్తానన్నాడు బ్రోకరు. తాడు పాతదన్నాడు. కొత్త తాడు వేయిస్తానన్నాడు. టైర్లన్నాడు, పంపు అన్నాడు. అన్నింటికీ బ్రోకరు నవ్వుతూ సరేనన్నాడు. "వద్దులే ప్రకాషూ" అన్నాడు వీరభద్రయ్య చివరికి, అలవాటైన గొంతుతో. కానీ సగం ధర ముందు ఆ గొంతు పనిచెయ్యలేదు. "అన్నీ బాగుచేసిస్తానంటున్నారు కదా, ఇంకెందుకొద్దు బాబాయ్?" అని అడిగాడు ప్రకాష్. వీరభద్రయ్య తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఎందుకు వద్దో చెప్పాలంటే ఒక్కటే మాట మిగిలింది. ఎవరో చేతిలో గ్లాసు పెట్టారు. సగం తాగాక చూసుకున్నాడు, అమ్మేవాడి టీ.

"రేపొచ్చి అడ్వాన్సు ఇస్తానండీ" అన్నాడు ప్రకాష్.

కారెక్కాక, "మిమ్మల్ని ఇంటి దగ్గర దించేస్తా బాబాయ్" అంటే, "వద్దు, బందరు పోనీ. జాన్‌ని చూడాలి" అన్నాడు వీరభద్రయ్య. ప్రకాష్ సంబరపడ్డాడు.

"మంచిమాట అన్నారు. బండి వచ్చాక జాన్ అన్ననే మళ్ళీ కలాసీగా పెట్టాలని నా కోరిక. అడిగితే, నా చేతిమీద నాకు నమ్మకం లేదు బాబూ, ఇంకొకళ్ళ ప్రాణం తీస్తానేమో అంటాడు. మీరు ఒక్కమాట చెబితే వింటాడు."

అంటే ఆ బూము కింద, ఆ హుక్కు ముందు, మోగని బజరున్న ఆ బండికి ఎదురుగా మళ్ళీ జాన్ పాలే నిలబడతాడు. వీరభద్రయ్య కళ్ళు మూసుకున్నాడు. గుడివాడ దాటేలోపు చెప్పేద్దామనుకున్నాడు. గుడివాడ దాటింది. రోడ్డుకు అటూ ఇటూ చేపల చెరువులు వెళ్ళిపోతున్నాయి. ఒకసారి నోరు తెరిచి, మంచినీళ్ళున్నాయా అని అడిగాడు. ఇంత పిరికివాణ్ణా నేను అనిపించింది. పిరికివాడేననే సంగతి పదకొండేళ్ళుగా తెలుసు, ఇప్పుడు కొత్తగా తెలిసిందేమీ లేదు.

ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర జాన్ పాల్ ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. కారు దిగిన మనిషిని చూసి గబగబా లేచి, కుంటుతూ ఎదురొచ్చాడు. జుట్టు సగం నెరిసింది.

"భద్రయ్యన్నా! నువ్వే వచ్చావా?" అని తువ్వాలుతో కుర్చీ తుడిచాడు. "కూర్చో అన్నా. క్రేన్ కుదిరిందా?"

"కుదిరిందన్నా, జంక్షన్‌లో" అన్నాడు ప్రకాష్.

"కుదర్లేదు" అన్నాడు వీరభద్రయ్య. ఆయన కూర్చోలేదు. "అది మన పాత బండి జాన్. ఉయ్యూరులో పడిపోయిందే, అదే. బూము వంగితే అతికి రంగేశారు."

ప్రకాష్ తెల్లబోయాడు. "పడిపోయిన బండా? అదేనని మీకెట్టా తెలుసు బాబాయ్?"

"బజరు తీగకి నా ముడి ఉంది. తీగ కోసింది నేనే." ఇక ఆగితే మళ్ళీ మంచినీళ్ళు అడుగుతానని ఆయనకు తెలుసు. "బండిని పడేసిందీ నేనే."

"అదేంటన్నా" అన్నాడు జాన్ పాల్, పెద్దమనిషిని ఓదార్చేవాడిలా. "వేలు చూపించింది నేను కదా." అంటూ తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు. చూసుకుంటూనే ఆగిపోయాడు. ఆ చెయ్యిని మెల్లగా పైకెత్తి, వేళ్ళు ఒక్కొక్కటే మడిచాడు. చివరికి బొటనవేలు మడిచాడు.

"ఇట్టా బిగించానా?"

"బిగించావు."

"వేలు?"

"లోపలే ఉంది జాన్."

"రెండోసారి?"

"రెండోసారీ లోపలే ఉంది. నేను చూశాను. చూసే చాపాను. ఆసుపత్రిలో నీకు అబద్ధం చెప్పాను."

తిడతాడనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. జాన్ పాల్ ఆయన కోసం తుడిచిన కుర్చీలో తనే కూర్చుండిపోయాడు. ప్రకాష్ ఒకసారి వీరభద్రయ్య వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. ఆ చూపు ఆయనకు బాగా తెలుసు. పనికిరాని బండిని చూసి వెనక్కి తిరిగేటప్పుడు తను చూసే చూపే అది.

"చర్చిలో ప్రార్థనకి చేతులెత్తమంటే కూడా ఈ చెయ్యి ఎత్తేవాణ్ణి కాదన్నా" అన్నాడు జాన్ పాల్, ఎవరితోనో చెబుతున్నట్టు. "దీన్ని చూస్తే అసహ్యం వేసేది నాకు."

వీరభద్రయ్యకు క్షమించమనడానికి కూడా సిగ్గేసింది.

అంతలో ఐసు లారీ ఒకటి గేటులోకి వెనక్కి రాసాగింది. ప్రహరీ గోడకు మూరెడు దూరంలో ఉంది. జాన్ పాల్ అలవాటుగా లేచి ఎడంచెయ్యి ఎత్తబోయి, దించేశాడు. కుడిచెయ్యి ఎత్తి పిడికిలి బిగించాడు. లారీ ఆగింది. ఆ డ్రైవరు ఎవరో, పేరేమిటో వీరభద్రయ్యకు తెలియదు. అద్దంలో పిడికిలి కనబడింది, బ్రేకు మీద కాలు వేశాడు, అంతే. అంత చిన్నపని.

జాన్ పాల్ పిడికిలి దించి, "పదన్నా" అన్నాడు.

"ఎక్కడికి?"

"మా ఇంటికి. మా ఆవిడ మాణిక్యమ్మ కూడా తప్పు నా చెయ్యిదే అనుకుంటంది ఇన్నాళ్ళూ. నాతో చెప్పినట్టే దానికీ చెప్పు. వేలు లోపలే ఉందని చెప్పు."

జాన్ పాల్ కుంటుతూ ముందు నడిచాడు. వీరభద్రయ్య వెనక నడిచాడు. జాన్ పాల్ ఇంటికి వచ్చిన చుట్టం కదా అని, వీధిలో వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు ఆయనకు నమస్కారం పెట్టారు. తిరిగి పెట్టడానికి ఆయనకు చేతులు లేవలేదు.